ముందు బరువు సర్దండి, ఆ తర్వాతే స్టెబిలైజర్

బ్రిటన్‌లో పాత కారవాన్ కొనడానికి వెళ్తే అమ్మేవాళ్ళు తరచుగా ఒక మాట చెబుతారు. "దీనికి స్టెబిలైజర్ ఉందండీ, ఎంత గాలి కొట్టినా కదలదు" అని. స్టెబిలైజర్ ఉండడం మంచిదే. అది లేని కారవాన్‌ని పిల్లలు కూర్చున్న కారుకు తగిలించమని నేను ఎవరికీ చెప్పను. కాని అది ఉంది కదా అని బరువులు చూసుకోకుండా, వేగం తగ్గించుకోకుండా మోటర్‌వే ఎక్కేవాళ్ళ గురించి వింటే నాకు గుండె దడగా ఉంటుంది. ఆ పరికరం ఏ పని చేయగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుసుకున్నవాళ్ళకే అది పూర్తిగా ఉపయోగపడుతుంది. ఈ అధ్యాయం రాయడానికి కారణం అదే.

ఇక్కడి మన కుటుంబాలకు కారవాన్ ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. కార్న్‌వాల్‌కో, లేక్ డిస్ట్రిక్ట్‌కో, వేల్స్ కొండల్లోకో తీసుకెళ్ళాలని ఉంటుంది. నాన్నకు మూడు పూటలా హోటల్ తిండి పడదు. అమ్మ తన చారు తను పెట్టుకుంటే గాని తృప్తిపడదు. సొంత పొయ్యి, సొంత పక్క, వెంట తీసుకెళ్ళే ఇల్లు. ఇంతకన్నా ఏం కావాలి?

చట్టం కూడా దారి సులువు చేసింది. 1997 జనవరి 1 తర్వాత కారు లైసెన్సు తీసుకున్నవాళ్ళు బరువైన ట్రైలర్ లాగాలంటే ఒకప్పుడు ఇక్కడ వేరే పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబర్ 16 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఆ పరీక్ష లేదు. మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగవచ్చు, మీ కారుకు అంత శక్తి ఉంటే. సౌకర్యమే, సందేహం లేదు. కాని పరీక్ష పోయిందంటే, ఆ పరీక్ష కోసం నేర్చుకోవాల్సినవన్నీ ఇప్పుడు మనంతట మనమే నేర్చుకోవాలని అర్థం.

ఊపు ఎక్కడ పుడుతుంది

కారు వెనక ఒక ఉక్కు బంతి ఉంటుంది. దాన్ని టోబాల్ అంటారు. ఐరోపా అంతటా దాని వ్యాసం 50 మిల్లీమీటర్లు. కారవాన్ ముందు భాగంలోని హిచ్ ఈ బంతిని గిన్నెలా పైనుంచి పట్టుకుంటుంది. మలుపుల్లో తిరగాలి కాబట్టి ఆ కీలు వదులుగానే ఉండాలి. ఆ వదులే ఊపుకు దారి ఇస్తుంది.

మీరు గంటకు 55 మైళ్ళ వేగంతో వెళ్తున్నారనుకోండి. పక్క లేన్‌లో పెద్ద కోచ్ బస్సు మిమ్మల్ని దాటుతుంది. దాని ముందు తోసుకొచ్చే గాలి కారవాన్‌ని మొదట అవతలికి నెడుతుంది, బస్సు పక్కకు వచ్చాక తనవైపు లాక్కుంటుంది. కారవాన్ తోక ఒక పక్కకు జరుగుతుంది. టైర్లు దాన్ని మళ్ళీ దారిలోకి తోస్తాయి, కాని అది నడిమధ్యన ఆగదు, రెండో పక్కకు పోతుంది. ప్రతి ఊపుకూ కారు వెనక భాగాన్ని కూడా కొంచెం లాగుతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఈ ఊపు ఒకటి రెండు సార్లు ఆడి చచ్చిపోతుంది. వేగం పెరిగేకొద్దీ చావడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. ఒక వేగం దగ్గర అసలు చావదు. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ అంతకు ముందు దానికన్నా పెద్దదవుతుంది. దీన్నే ఇక్కడివాళ్ళు స్నేకింగ్ అంటారు. కారవాన్ పాములా మెలికలు తిరుగుతూ కారునే రోడ్డు మీంచి ఈడ్చేస్తుంది.

ప్రతి కారు–కారవాన్ జంటకూ అలాంటి హద్దు వేగం ఒకటి ఉంటుంది. మీ జంటకు అది 90 మైళ్ళ దగ్గర ఉంటే చట్టం అనుమతించే 60 మైళ్ళలో మీరు నిశ్చింతగా ఉంటారు. అది 58 దగ్గర ఉంటే మాత్రం ఏదో ఒక రోజు, ఏదో ఒక దిగుడులో, మీకు తెలియకుండానే దాన్ని దాటేస్తారు. ఆ హద్దును పైకి లేపడమే మన పనంతా.

దాన్ని పైకి లేపేదేమిటి, కిందికి దించేదేమిటి? బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు ఇరుసునూ, బరువులనూ అటూ ఇటూ జరపగలిగే ట్రైలర్ ఒకటి తయారుచేసి కారు వెనక నడిపి చూశారు. 2009లో వెలువడిన వాళ్ళ పత్రం ప్రకారం ఎక్కువ వేగంలో నిలకడను గట్టిగా ప్రభావితం చేసేవి బరువు ఎక్కడెక్కడ పరిచారన్నది, ముక్కు మీద ఎంత బరువు పడుతోందన్నది, ఇరుసు ఎక్కడ ఉందన్నది. ఇరుసు స్థానం తయారీదారుది. మిగతా రెండూ, పూర్తిగా కాకపోయినా చాలావరకు, సామాను సర్దే మన చేతుల్లో ఉన్నాయి.

మన ఊళ్ళలో ఎడ్లబండి తోలినవాళ్ళకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. ధాన్యం బస్తాలు వెనక ఎక్కువ వేస్తే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. ముందు ఎక్కువ వేస్తే మెడలు ఒరుసుకుపోతాయి. అందుకే కాడి చేత్తో ఎత్తి బరువు చూసి, బస్తా ఒకటి ముందుకో వెనక్కో జరిపి గాని బండి కదిలించేవాళ్ళు కాదు. ఎద్దుల నడకకు అంత జాగ్రత్త అవసరమైతే, గంటకు 60 మైళ్ళకు ఎంత కావాలో ఆలోచించండి.

బంతిని పట్టుకునే బిగువు

ఇప్పుడు స్టెబిలైజర్ దగ్గరికి వద్దాం. ఈ రోజుల్లో బ్రిటన్‌లో కనిపించే కారవాన్లలో చాలావాటికి హిచ్‌లోనే కలిసి వస్తుంది. జర్మనీకి చెందిన ఆల్‌కో కంపెనీ ఏకేఎస్ 3004, వింటర్‌హాఫ్ డబ్ల్యూఎస్ 3000 ఎక్కువగా కనిపించే రకాలు. లోపల ఉండేది బ్రేకు ప్యాడ్లలాంటి ఒరిపిడి ప్యాడ్లే. ఏకేఎస్ 3004లో నాలుగు ఉంటాయి, బంతికి ఇరుపక్కలా రెండు, ముందూ వెనకా రెండు. హిచ్ తగిలించాక స్టెబిలైజర్ పిడిని కిందికి నొక్కితే ఈ ప్యాడ్లు బంతిని గట్టిగా అదిమి పట్టుకుంటాయి. అప్పటిదాకా వదులుగా తిరిగిన కీలు బిగుసుకుంటుంది. కారవాన్ పక్కకు జరగాలంటే ముందు ఆ ఒరిపిడిని గెలవాలి. ముందు వెనక ప్యాడ్ల వల్ల కారవాన్ ముక్కు పైకీ కిందికీ ఆడడం కూడా తగ్గుతుంది.

పాత కారవాన్లకు ఉక్కు పట్టీతో వచ్చే స్టెబిలైజర్లు ఉండేవి. ఒక కొస కారుకూ, ఒక కొస కారవాన్‌కూ. ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. అరిగిన ఒరిపిడి బిళ్ళతో, ఎవరు ఎప్పుడు బిగించారో తెలియని పట్టీని కొనవద్దనే నా సలహా. ఆ డబ్బుతో మంచి వర్క్‌షాపులో మీ కారవాన్‌కు సరిపోయే హిచ్ స్టెబిలైజర్ బిగించుకోండి.

దీని ఉపయోగాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. లారీలు వరసగా దాటుతున్న మోటర్‌వే మీద, సెవర్న్ నది వంతెన మీద పక్కనుంచి కొట్టే గాలిలో, ఏ66 రోడ్డు మీద స్టెయిన్‌మోర్ ఎత్తులో, గతుకుల రోడ్డు మీద, కారవాన్ చేసే చిన్నచిన్న కదలికలను అది మొదట్లోనే మింగేస్తుంది. స్టీరింగ్‌ని క్షణక్షణం సరిచేసుకోవాల్సిన పని తగ్గుతుంది. బర్మింగ్‌హామ్ నుంచి కార్న్‌వాల్ దాకా నడిపాక భుజాలు పట్టేయకుండా దిగగలిగితే అందులో దాని వాటా ఉంటుంది. అలసిపోని డ్రైవర్ మంచి నిర్ణయాలు తీసుకుంటాడు. అది చిన్న లాభమేమీ కాదు.

కాని ఒరిపిడికి ఒక స్వభావం ఉంది. ఊపు చిన్నదైనా పెద్దదైనా అది ఒకే బలంతో అడ్డుపడుతుంది. ఊపు వెడల్పు రెట్టింపైతే ఆ ఊపులోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఒరిపిడి తినేసే శక్తి మాత్రం రెండు రెట్లే. చిన్న ఊపును అవలీలగా చంపే పరికరం, ఊపు పెరిగేకొద్దీ వెనకబడిపోవడానికి కారణం ఇదే. బాగా సర్దిన కారవాన్‌లో ఊపు పెద్దదయ్యేదాకా పోదు కాబట్టి స్టెబిలైజర్ ఎప్పుడూ గెలుస్తూనే ఉంటుంది. తప్పుగా సర్దిన కారవాన్‌లో, హద్దు వేగం దగ్గర, అది ఓడిపోతుంది. అది ఓడిపోయే క్షణానికి మీరు ఎంత వేగంలో ఉంటారన్నదే అసలు ప్రమాదం.

తప్పుగా సర్దిన కారవాన్ స్టెబిలైజర్ లేకపోతే 45 మైళ్ళ దగ్గరే కొంచెం తోకాడిస్తుంది, డ్రైవర్‌కు అనుమానం వస్తుంది, ఆగి చూసుకుంటాడు. ప్యాడ్లు బిగిసి ఉన్నప్పుడు ఆ తోకాడింపు తెలియదు. 50లో నిశ్శబ్దం, 55లో నిశ్శబ్దం, 60లో నిశ్శబ్దం. దిగుడులో 65 తాకేసరికి ఒక గాలి తోపు వచ్చి ప్యాడ్ల పట్టు దాటేస్తుంది. ఇక్కడి అనుభవజ్ఞులు ఏళ్ళుగా చెబుతున్న నియమం అందుకే పుట్టింది: స్టెబిలైజర్ లేకుండానే నిలకడగా నడిచే జంటకే స్టెబిలైజర్ వాడాలి. నిలకడ లేనిదాన్ని నడిపించడానికి వాడకూడదు. ఈ అధ్యాయంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే ఈ వాక్యాన్నే గుర్తుంచుకోండి.

బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలి

మొదటి లెక్క మొత్తం బరువు. సామానుతో సహా కారవాన్ బరువు, కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకుండా ఉండాలని కొత్తవాళ్ళకు ఇక్కడి కారవాన్ సంఘాలు సలహా ఇస్తాయి. ఇది చట్టం కాదు, మంచి సలహా. కారు 1,600 కిలోలు ఉంటే కారవాన్ 1,360 లోపు. బాగా అనుభవం వచ్చాక ఎక్కువకు పోవచ్చు గాని, కారు బరువును కారవాన్ బరువు ఎప్పుడూ మించకూడదు. కారు తయారీదారు ఇచ్చిన లాగుడు పరిమితి ఇంతకన్నా తక్కువైతే అదే హద్దు. కారవాన్ తలుపు దగ్గర పలక మీద దాని గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. అన్నీ సర్దాక ఒకసారి వేబ్రిడ్జి మీదికి ఎక్కించి చూడండి. సామాను అంచనా కన్నా ఎక్కువే తూగుతుంది.

రెండోది నోస్‌వెయిట్, అంటే కారవాన్ ముక్కు కారు బంతి మీద మోపే బరువు. సామానుతో ఉన్న కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. 1,300 కిలోల కారవాన్‌కు 65 నుంచి 91 కిలోలన్నమాట. అయితే కారు, బంతిని మోసే టోబార్, హిచ్ మూడింటికీ వేర్వేరు పరిమితులుంటాయి. అన్నింటికన్నా చిన్న అంకెను మించకూడదు. మీ కారు పుస్తకంలో 75 అని ఉంటే 75 లోపలే, కాని దానికి దగ్గరగా ఉండేట్టు సర్దుకోవాలి. నోస్‌వెయిట్ మరీ తగ్గితే కారవాన్ ముక్కు తేలిపోయి తోక ఆడుతుంది. మరీ పెరిగితే కారు వెనక కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

దీన్ని కొలవడానికి చవక గేజ్ దొరుకుతుంది. అది లేకపోతే మనిషి బరువు చూసుకునే తూకం చాలు. సమతలమైన నేల మీద కారవాన్ నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, హిచ్ కింద తూకం ఉంచి, దాని మీద సరైన ఎత్తుకు కోసిన చెక్కముక్క నిలబెట్టండి. కారవాన్ ముందుండే చిన్న చక్రాన్ని నెమ్మదిగా పైకి తిప్పితే బరువు చెక్క మీదికి వస్తుంది. కారుకు తగిలించినప్పుడు హిచ్ ఎంత ఎత్తులో ఉంటుందో అదే ఎత్తులో కొలవాలి. ముక్కు పైకెత్తి కొలిస్తే అంకె తప్పుతుంది.

ఇక సర్దుడు. మనవాళ్ళ కారవాన్‌లో 20 కిలోల బియ్యం బస్తా ఉంటుంది. ప్రెషర్ కుక్కర్లు, దోసె పెనం, పప్పుల డబ్బాలు, కొందరికి గ్రైండర్. వీటిని ఎక్కడ పెట్టాలి? ఇరుసు మీద, నేల మీద. వెనక గోడ వైపు మంచం కింద పెద్ద అర ఖాళీగా కనిపిస్తుంది, అందరికీ అక్కడే పెట్టాలనిపిస్తుంది. లెక్క చూడండి. ఇరుసుకు 3 మీటర్ల వెనక 20 కిలోలు పెడితే, ఇరుసు నుంచి హిచ్‌కు దూరం 4.5 మీటర్లనుకుంటే, నోస్‌వెయిట్ 13 కిలోలు పడిపోతుంది. ఒక్క బస్తాతో 78 ఉన్నది 65 అయిపోతుంది.

పోయిన 13 కిలోలను ముందు లాకర్‌లో బరువు వేసి తిరిగి తెచ్చుకోవచ్చుగా అనిపిస్తుంది. గేజ్ మీద అంకె సరిపోతుంది నిజమే, కాని కారవాన్ ఇంకా పాడవుతుంది. బరువులు రెండు కొసలకూ చేరితే ఒకసారి ఊగడం మొదలయ్యాక దాన్ని ఆపడం కష్టం. ఇరుసు నుంచి దూరం రెట్టింపైతే ఆ వస్తువు ఊపుకు ఇచ్చే బలం నాలుగు రెట్లవుతుంది. ఇరుసు నుంచి అర మీటరులో ఉన్న బస్తా, 3 మీటర్ల దూరంలో ఉన్న బస్తా ఒకే బరువు తూగుతాయి గాని, ఊపు విషయంలో రెండోది ముప్పై ఆరు రెట్లు చెడ్డది. నోస్‌వెయిట్ గేజ్ ఈ సంగతి చెప్పదు. అందుకే కొలవడం ఒక్కటే చాలదు, ఎలా సర్ది ఆ అంకెకు వచ్చామన్నదీ చూసుకోవాలి.

వెనక గోడకు సైకిళ్ళు వేలాడదీయడం నాకు అస్సలు ఇష్టం లేదు. పిల్లల సైకిళ్ళు కారు మీదో, కారవాన్ లోపల ఇరుసు దగ్గర నేల మీదో పెట్టండి. ఆనింగ్ గుడారం 20 కిలోలకు పైనే తూగుతుంది, అదీ ఇరుసు మీదే. దొర్లించుకుని తెచ్చే నీళ్ళ డ్రమ్ము నిండితే 40 లీటర్లు, అంటే 40 కిలోలు. దారిలో ఖాళీగా పెట్టుకుని అక్కడికి వెళ్ళాక నింపుకోండి. పై అరల్లో బట్టలు, అప్పడాలు, టీ పొడిలాంటి తేలిక వస్తువులే ఉండాలి.

టైర్ల గాలి తయారీదారు చెప్పినంత ఉండాలి. కారవాన్ టైర్లు అరగక ముందే ముసలివవుతాయి. ఐదేళ్ళు దాటితే మార్చడం మేలు, ఏడేళ్ళు దాటినవి ఎంత కొత్తగా కనిపించినా వద్దు. కారు కన్నా కారవాన్ వెడల్పు కాబట్టి అదనపు అద్దాలు తప్పనిసరి. కారవాన్ కదులుతున్నప్పుడు అందులో ఎవరూ ఉండకూడదు. నాన్నకు నడుం నొప్పిగా ఉన్నా, కాసేపు పడుకుంటానన్నా సరే.

పరికరాన్ని పరికరంలా చూసుకోవడం

బరువు సరిగ్గా కుదిరాకే స్టెబిలైజర్ మీద శ్రద్ధ పెట్టాలి. ఇక్కడ ఎక్కువ మంది పట్టించుకోని విషయం గ్రీజు. స్టెబిలైజర్ లేని మామూలు హిచ్‌కు బంతి మీద గ్రీజు రాయాలి. ప్యాడ్లతో పట్టుకునే హిచ్‌కు గ్రీజు చుక్క కూడా తగలకూడదు. ఒరిపిడితో పనిచేసేదానికి జిడ్డు రాస్తే దాని పని అయిపోయినట్టే. కొత్త టోబాల్‌కు పెయింట్ ఉంటుంది, దాన్ని ఎమెరీ కాగితంతో పూర్తిగా తీసేసి మెరిసే ఉక్కు కనిపించేట్టు చేయాలి. పాత బంతిని బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. కారు వెనకనుంచి కీచుమని శబ్దం వస్తుంటే ప్యాడ్లకు పెయింటో, జిడ్డో అంటిందని అనుమానించండి. పైపైన అంటితే సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే పోతుంది. నూనె ఇంకితే ప్యాడ్లు మార్చాల్సిందే. అరుగుదల చూపే గుర్తు హిచ్ మీదే ఉంటుంది. మీ నమూనా పుస్తకంలో దాన్ని ఎలా చదవాలో చూసి, ఏటా సర్వీసులో చూపించండి.

బంతి మెడ కూడా చూడాలి. ఈ హిచ్‌లు మామూలు వాటికన్నా వెడల్పు, మెడ పొట్టిగా ఉన్న బంతికి తగిలితే మలుపులో హిచ్ ఒరుసుకుని విరిగే ప్రమాదం ఉంది. పొడుగు మెడ బంతి కావాలి. మీ కారుకు టోబార్ బిగించేవాళ్ళకు మీ హిచ్ నమూనా పేరు ముందే చెప్పండి.

తగిలించే వరస ఎప్పుడూ ఒకటే ఉండాలి. ముందు బంతి మీద హిచ్ కూర్చుని తాళం పడిందని ఆకుపచ్చ గుర్తు చూడాలి. తర్వాత కారవాన్ ముందున్న చిన్న చక్రంతో కారు వెనక భాగం కొంచెం పైకి లేచేదాకా ఎత్తి, హిచ్ ఊడిరాదని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాతే స్టెబిలైజర్ పిడి నొక్కాలి. హిచ్ ఊడితే కారవాన్ బ్రేకులు వేసే తెగుతీగ, దీపాల వైర్లు, పైకెత్తిన చిన్న చక్రం, అన్నీ ఒకసారి కళ్ళతో చూసి, చేత్తో తాకి రండి. ఒకరు చేసి ఇంకొకరు సరిచూడడం మంచి పద్ధతి. "ఏమండీ, పిడి నొక్కారా?" అని అడిగే భార్య ఉన్న డ్రైవర్ అదృష్టవంతుడు. విసుక్కోకుండా ఇంకోసారి వెళ్ళి చూసి రావాలి. విప్పేటప్పుడు ముందుగా స్టెబిలైజర్ పిడి ఎత్తాలి. సైట్‌లో ఇరుకు చోట వెనక్కి నడిపేటప్పుడూ దాన్ని వదిలేస్తే కారవాన్ తేలిగ్గా తిరుగుతుంది. మళ్ళీ రోడ్డెక్కే ముందు నొక్కడం మరచిపోకండి.

ఎలక్ట్రానిక్ రకాలు కూడా ఉన్నాయి. ఆల్‌కో ఏటీసీ, బీపీడబ్ల్యూ ఐడీసీ కారవాన్‌లోనే కూర్చుని పక్క ఊపును పసిగట్టి కారవాన్ బ్రేకులను మెల్లగా వేస్తాయి. చాలా కొత్త కార్లలో ఈఎస్‌పీ అనే నిలకడ వ్యవస్థలో భాగంగా ట్రైలర్ నిలకడ వ్యవస్థ ఉంటుంది, అది కారు బ్రేకులతో పనిచేస్తుంది. ఒరిపిడి ప్యాడ్లు చిన్న ఊపును పుట్టగానే అణిస్తే, ఇవి పెద్దదవుతున్న ఊపును అడ్డుకుంటాయి. రెండూ ఉంటే ఇంకా మంచిది, ఒకదానికొకటి అడ్డు కాదు. డబ్బు ఉంటే ఏటీసీ పెట్టించుకోమనే చెబుతాను. కాని అది ఒక్కసారి పనిచేసినా దాన్ని మీకు వచ్చిన నోటీసుగా తీసుకోండి. ఆగండి, ఎందుకు అవసరమైందో వెతకండి.

జర్మనీ మీదుగా వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక విశేషం. అక్కడ కారవాన్ లాగే కారుకు మామూలు పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. షాక్ అబ్సార్బర్లు, ఆరేళ్ళ లోపు టైర్లు, ఏబీఎస్ ఉన్న కారు వంటి షరతులు తీరితే అనుమతి తీసుకుని ఆటోబాన్ మీద 100 దాకా వెళ్ళవచ్చు. ఆ లెక్కలో స్టెబిలైజర్‌కు విలువ కట్టారు. షాక్ అబ్సార్బర్లు మాత్రమే ఉంటే కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 80 శాతం దాటకూడదు, దానికి తోడు ఆమోదం పొందిన స్టెబిలైజర్ ఉంటే కారు బరువుకు సమానం దాకా రావచ్చు. దాని మీద అంత నమ్మకం ఉన్న దేశం కూడా, బరువు లెక్కలోంచి మినహాయింపు ఇవ్వలేదు చూశారా. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకు మాత్రం వేరే మాట. అక్కడి కారవాన్లు బరువైనవి, బంతి మీద 10 శాతం దాకా బరువు ఉంచుతారు, హిచ్ పద్ధతులు వేరు. ఈ అధ్యాయంలోని అంకెలను అక్కడ వాడవద్దు, సూత్రం మాత్రం అదే.

ఊపు మొదలైతే

ఎంత జాగ్రత్తపడ్డా ఒకనాడు ఊపు రావచ్చు. అప్పుడేం చేయాలో ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడే మనసులో నాటుకోవాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించడానికి వ్యవధి ఉండదు. బ్రిటన్ హైవే కోడ్ 98వ నియమం చెప్పేది సూటిగా ఉంది: యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, నెమ్మదిగా వేగం తగ్గించుకోండి. స్టీరింగ్‌ని రెండు చేతులతో తిన్నగా పట్టుకుని ఉంచండి. ఊపుకు ఎదురు తిప్పాలనిపిస్తుంది, తిప్పవద్దు. మన చెయ్యి కదిలేసరికి కారవాన్ రెండో పక్కకు వెళ్ళిపోతుంది. అప్పుడు మనం తిప్పే తిప్పుడు దాన్ని అణచకపోగా దానికి తోడవుతుంది. గట్టిగా బ్రేకు తొక్కవద్దు. వేగం పెంచితే సర్దుకుంటుందని చెప్పేవాళ్ళ మాట వినవద్దు. హద్దు వేగం దాటి ఉన్నామని తెలిశాక ఇంకా ముందుకు పోవడంలో అర్థం లేదు.

ఊపు చాలాసార్లు దిగుడులో వస్తుంది. ఎక్సెటర్ దాటాక ఏ38 మీద హాల్డన్ హిల్ లాంటి చోట్ల, దిగడం మొదలుపెట్టకముందే వేగం తగ్గించి, తక్కువ గేరులోకి వచ్చేయాలి. దిగుడు మధ్యలో తగ్గించుకుందామనుకుంటే ఆలస్యమే. నార్త్ యార్క్‌షైర్‌లో ఏ170 మీద సటన్ బ్యాంక్ ఎక్కడానికి కారవాన్లను అసలు అనుమతించరు, చుట్టు దారిలో వెళ్ళాలి. మార్గం చూపే ఫోను యాప్‌కు మీ వెనక కారవాన్ ఉందని తెలియదు, కాబట్టి దారి ముందురోజే పటం మీద చూసుకోండి. కారవాన్ లాగేటప్పుడు మోటర్‌వే మీద, డ్యూయల్ క్యారేజ్‌వే మీద 60 మైళ్ళు, మామూలు రోడ్ల మీద 50 పరిమితి. మూడు లేన్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న మోటర్‌వేలో అన్నిటికన్నా కుడి లేన్‌లోకి వెళ్ళకూడదు. గాలి ఎక్కువ ఉన్నరోజు 50 చాలు. వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఊపు ఆగాక, కారు మళ్ళీ దారిలో పడ్డాక, ప్రయాణం కొనసాగించాలనిపిస్తుంది. పిల్లలు భయపడి ఉంటారు, త్వరగా చేరిపోతే బాగుండుననిపిస్తుంది. ఆ పని చేయకండి. తర్వాతి సర్వీసుల్లో ఆగి నోస్‌వెయిట్ కొలవండి, వెనక అరల్లో ఉన్నవన్నీ ఇరుసు దగ్గరికి జరపండి, టైర్ల గాలి చూడండి, బంతి తుడవండి. కారణం దొరకకపోతే 45 మైళ్ళకు మించకుండా ఇంటికి వెళ్ళండి. సెలవు ఇంకోసారి పెట్టుకోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలో కూడా చెబుతాను. మొదట నోస్‌వెయిట్ గేజ్. తర్వాత మంచి టైర్లు, అద్దాలు. ఆ తర్వాత కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ లాంటి సంఘాలు నడిపే లాగుడు శిక్షణ, ఒక్క రోజైనా సరే. ఇవన్నీ అయ్యాక స్టెబిలైజర్‌కు కొత్త ప్యాడ్లు. ఈ వారాంతంలో మీ కారు పుస్తకం, టోబార్ పలక, హిచ్ పలక మూడూ చూసి నోస్‌వెయిట్ పరిమితులు ఒక కాగితం మీద రాయండి. వాటిలో చిన్న అంకెకు గీత గీసి, ఆ కాగితాన్ని కారవాన్ తలుపు లోపల అతికించండి. సామాను సర్దే ప్రతిసారీ ఇంట్లో ఎవరైనా సరే అది చదివి, కొలిచి, ఆ తర్వాతే కారుకు తగిలించండి.